నిర్ణయాలు మాత్రమే

2020 మార్చి 17, ఎర్లాంగెన్

ఆఫీసు మూసేశారు. న్యూరెంబర్గ్ వెళ్ళి నా కంప్యూటరు, రెండు ఫైళ్ళు, కాఫీ కప్పు తెచ్చుకున్నాను. రైలు పెట్టెలో నాతో కలిపి నలుగురం.

శశాంక్, పాప సితారల వీసా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఈ నెల 26న ఉండాలి. రద్దయిందని మెయిల్ వచ్చింది. కొత్త తేదీ లేదు. నాలుగేళ్ళుగా మొగుడు హైదరాబాదులో, నేనిక్కడ. నేనొచ్చినప్పుడు సితారకు రెండేళ్ళు. సెప్టెంబరులో ఇక్కడ బడిలో చేరాలి.

తొమ్మిదేళ్ళు పత్రికకు రాశాను. చదువు పేరుతో వచ్చి, ఇప్పుడు రెండేళ్ళుగా ఒక ప్రకటనల కంపెనీలో పనిచేస్తున్నాను. అచ్చు కాని రాత రాయడం ఇదే మొదలు. ఎవరికీ చూపించను కాబట్టి తప్పులు దిద్దను.

మార్చి 30

కుర్జ్‌ఆర్బైట్ మొదలైంది. పని గంటలు అరవై శాతానికి తగ్గించారు. తీసేయకుండా ఆపి ఉంచడానికట.

కాన్సులేట్ వెబ్‌సైట్‌లో కొత్త జాబితా పెట్టారు. భార్యకో భర్తకో ఇక్కడి ఉద్యోగం కొనసాగుతోందని కంపెనీ నుంచి తాజా ఉత్తరం కావాలి. అది లేకపోతే దరఖాస్తు వరసలోకే రాదు. మా డైరెక్టర్ టోర్‌స్టెన్ విట్‌మన్‌ని అడిగాను. "తప్పకుండా. వచ్చే వారం" అన్నారు.

ఏప్రిల్ 7

ఉత్తరం సంగతి గుర్తు చేశాను. వచ్చే వారం.

ఏప్రిల్ 21

ఇవాళ్టి మీటింగ్ సంగతి రాసుకోవాలి.

కాఫీ పొడి కంపెనీ ప్రకటన. లాక్‌డౌన్ కాబట్టి ఫొటో షూటింగులు లేవు. పాత ఫొటోలు కొని అతికించి ఒక బొమ్మ చేశారు. కిటికీ లోపల వీడియో కాల్, అందులో తొమ్మిది మంది, తొమ్మిది కప్పులు. కిటికీ బయట వానలో పెట్టె పట్టుకుని నిలబడ్డ డెలివరీ మనిషి. కింద: "అందరం ఇంట్లోనే."

మేవిస్ గ్రియర్ మా క్రియేటివ్ విభాగానికి హెడ్. నల్లజాతి అమెరికన్, యాభై ఎనిమిదేళ్ళు, ఈ కంపెనీలో పదహారేళ్ళ సర్వీసు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆమే. బొమ్మ తెర మీదికి రాగానే ఆమె మాట్లాడింది. నేను నోట్‌బుక్‌లో తెలుగులో, రిపోర్టర్‌గా ఉన్నప్పటి అలవాటుతో, అన్నది అన్నట్టు రాసుకున్నాను:

"లోపల తొమ్మిది మందీ తెల్లవాళ్ళు. బయట తడుస్తున్న ఒక్కడు నల్లవాడు. అందరం ఇంట్లోనే అని కింద రాశాం. ఆ 'అందరి'లో అతను లేడు. దీన్ని నేను ఒక్క సెకనులో చూశాను. బయటివాళ్ళకు రెండు సెకన్లు పడుతుంది. దయచేసి మార్చండి. మార్చకపోతే నా పేరు మీద పంపకండి."

విట్‌మన్: "ఇది డెలివరీ వాళ్ళకు మనం చెప్పే కృతజ్ఞత, మేవిస్."

మేవిస్: "కృతజ్ఞత చెప్పేవాళ్ళు తలుపు తీస్తారు, టోర్‌స్టెన్."

ఎవరో నవ్వి మైకు ఆపేసుకున్నారు. కొత్త బొమ్మకు పది రోజులు కావాలి, క్లయింటు నాలుగు రోజులే ఇచ్చాడు. బొమ్మ ఖాయమైంది.

ప్రోటోకోల్, అంటే మీటింగులో జరిగింది రాసిపెట్టే పని నాది. ఇక్కడ మీటింగ్ అయ్యాక ప్రోటోకోల్ లేకపోతే ఆ మీటింగ్ జరగనట్టే. సాయంత్రానికి రెండు పేజీలు రాసి విట్‌మన్‌కు పంపాను.

ఏప్రిల్ 22

విట్‌మన్ ఫోన్ చేశారు. "ఛాయా, చాలా బాగా రాశారు. కానీ ఇది నాటకం లాగా ఉంది. ఎవరేమన్నారో మనకు అక్కర్లేదు, ఎర్గేబ్నిస్‌ప్రోటోకోల్ చాలు. నిర్ణయాలు మాత్రమే. అర పేజీ."

అది ఆయన చేసిన కొత్త ఏర్పాటేమీ కాదు. సగం దేశం ఇలాగే రాస్తుంది. నిర్ణయం, బాధ్యులు, గడువు, మూడు గడులు. పత్రిక డెస్కులో ఉన్నప్పుడు పైనుంచి ఫోనొస్తే పేరా లేపేసేవాళ్ళం, ఎందుకని అడిగేవాళ్ళం కాదు. పావుగంటలో కుదించాను.

"కాఫీ ప్రకటన బొమ్మ ఆమోదం. బాధ్యులు: ఎం. గ్రియర్. గడువు: 24.04."

విభాగం ఆమెది కాబట్టి బాధ్యుల గడిలో ఆమె పేరే రావాలి. పాత ఫైలు మీదే సేవ్ చేసి అందరికీ పంపాను. మూడు రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టు లెక్క. అదీ రూలే.

చివరన ఉత్తరం మాటెత్తాను. "మర్చిపోలేదు" అన్నారు.

ఏప్రిల్ 24

మేవిస్ తమ్ముడు లియాన్ క్లీవ్‌లాండ్‌లో కోవిడ్‌తో పోయాడు. సిటీ బస్సు డ్రైవరు. వయసు యాభై రెండు. ఆమె వెళ్ళడానికి విమానాల్లేవు. అంత్యక్రియలు ఫోన్లో చూస్తుందట.

ఏప్రిల్ 27

ప్రోటోకోల్ మీద అభ్యంతరాలు రాలేదు. ఫైలు చేశాను.

మే 10

బయటివాళ్ళలో ఒక్కరితో కలిసి నడవొచ్చని రూలు మారింది. మేవిస్ న్యూరెంబర్గ్ నుంచి సైకిల్ మీద వచ్చింది. నది ఒడ్డున ఒకటిన్నర మీటరు దూరంలో ఇద్దరం నడిచాం.

ఎర్లాంగెన్ ఆమెకు నాకన్నా ముందు తెలుసు. వాళ్ళ నాన్న ఇక్కడి అమెరికన్ సైనిక శిబిరంలో సార్జెంటు. తొమ్మిదో ఏట నుంచి పన్నెండు దాకా ఇక్కడే పెరిగింది. ఇప్పుడా శిబిరం ఉన్నచోట అపార్టుమెంట్లు, పిల్లల ఉయ్యాలలు.

నేను అడక్కుండానే తన ఉద్యోగం కథ చెప్పింది. 1986లో క్లీవ్‌లాండ్‌లో ఒక ఏజెన్సీ రిసెప్షన్‌లో చేరింది. ఫోన్ సందేశాలు రాసే చీటీ వెనక ఒక బ్రెడ్డు కంపెనీ రేడియో ప్రకటనకు వాక్యం రాసి బల్ల మీద పెట్టింది. అది రేడియోలో వచ్చింది, రాసినవాళ్ళ పేరు ఇంకొకరిది. కాపీ రైటర్ కావడానికి ఐదేళ్ళు పట్టింది. న్యూయార్క్‌లో ఒక క్లయింటు మీటింగ్ గదిలోకి వస్తూనే తన కోటు తీసి ఆమె చేతికిచ్చాడు.

"ఏం చేశారు?" అన్నాను.

"హ్యాంగరుకు తగిలించాను. తర్వాత వెళ్ళి బల్ల మొదట్లో కూర్చుని ప్రెజెంటేషన్ మొదలుపెట్టాను. ఆ క్లయింటు పని మాకే వచ్చింది. అతను మాత్రం ఆ ఏడాదంతా నా కళ్ళలోకి చూడలేదు."

"కోపం రాలేదా?"

"గదిలో కోపం తెచ్చుకోలేదు, ఎప్పుడూ. కోప్పడితే ఆమె కోప్పడింది అని మాత్రమే గుర్తుంటుంది. ఎందుకు కోప్పడిందో ఎవరికీ గుర్తుండదు."

ముప్పై నాలుగేళ్ళలో తను కూర్చున్న గదుల్లో తనలాంటి ఇంకో మనిషి కనిపించింది నాలుగుసార్లట. లెక్క పెట్టుకుంది.

"మీ ఆయన వీసాకు కావలసిన ఉత్తరం వచ్చిందా?" అని అడిగింది.

"విట్‌మన్ రాస్తానన్నారు."

"ఎన్నాళ్ళైంది?"

"ఆరు వారాలు."

ప్రోటోకోల్ గురించి నేను చెప్పలేదు. ఆమెకూ ఒక కాపీ వెళ్ళిందిగా.

మే 18

స్టేషన్ దగ్గర బస్టాపులో బొమ్మ పెట్టారు. నిలువెత్తుంది.

జూన్ 2

మినియాపోలిస్‌లో పోలీసు ఒక నల్లజాతి మనిషి మెడను మోకాలితో తొక్కి చంపిన వీడియో వచ్చి వారమైంది. ఈ ఊళ్ళోనూ జనం చౌరస్తాలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. నిన్న రాత్రి బెర్లిన్‌లో ఒక విద్యార్థి అక్కడి బస్టాపులో ఉన్న మా బొమ్మను ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఒక్కటే వాక్యం: "అందరం?" ఈ మధ్యాహ్నానికి నలభై వేల మంది పంచుకున్నారు.

జూన్ 5

కాఫీ కంపెనీ బొమ్మ తీసేసింది. ఎవరు ఒప్పుకున్నారో చెప్పమని మమ్మల్ని అడిగింది.

జూన్ 8

విట్‌మన్ అందరినీ పిలిచారు. పత్రికలకు ఒక ప్రకటన సిద్ధం చేసి తెచ్చారు. మేవిస్ పేరుతో, ఆమె ఫొటోతో: ఒక నల్లజాతి మహిళగా ఈ బొమ్మలో నాకు తప్పేమీ కనిపించలేదు, ఉద్దేశం మంచిదే.

మేవిస్ చదివింది. "ఇది నేను రాసింది కాదు" అంది. "నేను రాసినవి సాధారణంగా ఇంతకంటే బాగుంటాయి."

"మీరు సంతకం పెడితే రేపటికి సద్దుమణుగుతుంది."

"నేను వద్దన్నాను, టోర్‌స్టెన్. అందరూ విన్నారు. ప్రోటోకోల్ తెరవండి."

ఆయన తెర మీద తెరిచారు. అర పేజీ. ఆమె పేరు, గడువు తేదీ.

ఆమె దాన్ని రెండుసార్లు చదివిందనుకుంటాను, అంతసేపు పట్టింది. నా వైపు చూసిందో లేదో వీడియో కాల్‌లో తెలీదు. అందరూ అందరి వైపూ చూస్తున్నట్టే ఉంటారు.

నన్నెవరూ ఏమీ అడగలేదు.

జూన్ 9

ఫ్లాటులో నాతో ఉండే సదియాకు చెప్పాను. హైదరాబాద్ టోలీచౌకీ పిల్ల, ఇక్కడ ఇంజనీరు. నాకన్నా పదేళ్ళు చిన్నది. వంకాయలు తరుగుతూ విన్నది.

"నోట్‌బుక్ ఉన్నది గదా అక్కా? రేపు పొద్దున పొయ్యి వాళ్ళ మొహం మీద పెట్టు."

"తెలుగుల ఉన్నది. ఎవరు చదువుతరు?"

"అరే, న్యూరెంబర్గ్‌ల కోర్టుల ప్రమాణం చేసిన ట్రాన్స్‌లేటర్ ఉన్నడు. నా పెండ్లి సర్టిఫికెట్ ఆయననే చేసిండు. రెండు రోజులల్ల ఇస్తడు."

"వాళ్ళు అడిగితే ఇస్త. అడగకుండ పోతె వేరే తీర్గ ఉంటది."

"నువ్వు రిపోర్టర్‌వా, టైపిస్టువా?"

సదియాకు పెర్మనెంట్ రెసిడెన్సీ వచ్చేసింది. ఆమె భర్త అబ్రార్ నిరుడే వచ్చేశాడు, మాగ్డెబర్గ్‌లో పని. ఇది రాసుకోవడం అన్యాయమే. కానీ నిజం.

జూన్ 14

శశాంక్ ఫోన్.

"లెటర్ పంపిన్రా?"

"ఇంకా లేదు."

"మల్ల వరుస మొదలైతదట. జులై ఫస్టుకు పోర్టల్ తెరుస్తరట. ఈ లెటర్ ఒక్కటే తక్కువున్నది ఛాయా. సితార జర్మన్ల ఇరవై దాక లెక్క పెడ్తున్నది. వింటవా?"

విన్నాను. పదమూడు వదిలేసింది.

జూన్ 17

మేవిస్ నాకు మెసేజ్ పెట్టింది. మొత్తం ఇంతే: "మీ ఆయన పూర్తి పేరు, పాస్‌పోర్ట్ నంబరు పంపు. పాపదీ."

కుర్జ్‌ఆర్బైట్ దరఖాస్తుల కోసం అనుకుని పంపాను. పర్సనెల్ శాఖకు ఎప్పుడూ ఏదో ఒకటి కావాలి.

జూన్ 20

సోమవారం విచారణ. కంపెనీ లాయరు, పర్సనెల్ శాఖ నుంచి ఫ్రౌ ఎబ్నర్, విట్‌మన్. మేవిస్ ఉండదు. నన్ను పిలిచారు.

విట్‌మన్ నిన్న విడిగా ఫోన్ చేశారు. బెదిరించలేదు. సితార వయసెంత అని అడిగారు. ఉత్తరం సంగతి ఈ గొడవ ముగిశాక ప్రశాంతంగా చూద్దామన్నారు. అంతే అన్నారు.

జూన్ 22

లాయరు అడిగిన ప్రశ్న: "ప్రోటోకోల్ మీరే రాశారు. అందులో ఉన్న నిర్ణయాలు సరైనవేనా?"

"సరైనవే."

"ప్రోటోకోల్‌లో లేనిది ఇంకేదైనా మీరు చేర్చదలచుకున్నారా?"

బ్యాగులో నోట్‌బుక్ ఉంది. తీసుకెళ్ళాను. అది రాసుకోవాలి, తీసుకెళ్ళాను.

"నిర్ణయాలకు సంబంధించి ఏమీ లేదు" అన్నాను.

అబద్ధం కాదు. ఆమె వద్దనడం నిర్ణయం కాదు, మాట. లాయరు థాంక్స్ చెప్పాడు. ఏడు నిమిషాల్లో అయిపోయింది.

జూన్ 25

ఫ్రౌ ఎబ్నర్ కారిడార్‌లో ఆపింది. "మీ ఉత్తరం మీ వారికి కొరియర్‌లో వెళ్ళింది. కాన్సులేట్‌కూ ఒక కాపీ."

విట్‌మన్ మాట నిలబెట్టుకున్నారు.

జూన్ 29

శశాంక్: "వచ్చింది! సంతకం, ముద్ర, అన్నీ ఉన్నయి. గట్టిగ రాసిండ్రు నీ గురించి. ఫైల్ల పెట్టిన."

సదియా సేమ్యా చేసింది. తిన్నాను.

జూన్ 30

మేవిస్ పరస్పర అంగీకారంతో ఉద్యోగం వదులుకునే పత్రం మీద సంతకం పెట్టింది. కంపెనీ మూడు వాక్యాలు విడుదల చేసింది. మూడోది: "బొమ్మను ఆమోదించిన క్రియేటివ్ హెడ్, తానూ నల్లజాతి అమెరికన్, బాధ్యత స్వీకరించి వైదొలిగారు."

పొడి వార్త. తేదీ, పేరు, హోదా అన్నీ ఉన్నాయి. నేను డెస్కులో ఉండి ఉంటే పాస్ చేసేదాన్ని.

జులై 3

నన్నెవరూ అడగలేదు.

జులై 4

అడిగారు. 22న అడిగారు. పై పేజీలో నేనే రాసుకున్నాను.

ఆగస్టు 16

ఆరు వారాలు ఆగి మేవిస్ ఇంటికి వెళ్ళాను. గదంతా అట్టపెట్టెలు. మూడు ఏజెన్సీలకు రాసిందట. రెండు జవాబివ్వలేదు. మూడోది మర్యాదగా ఇచ్చింది. ఇంటర్నెట్‌లో ఆమె పేరు కొడితే మొదట వచ్చేది ఆ బొమ్మే. వచ్చే నెల 9న క్లీవ్‌లాండ్ వెళ్ళిపోతోంది. లియాన్ భార్య దగ్గర ఒక గది ఉంది.

బాల్కనీలో కూర్చున్నాం. నోట్‌బుక్ బల్ల మీద పెట్టాను.

"ఏప్రిల్ 21న మీరన్నదంతా ఇందులో ఉంది" అన్నాను.

"తెలుసు."

"ఎలా?"

"ఆ గంటసేపు నీ పాపిటే చూశాను. మిగతావాళ్ళందరూ తెర మీద తమ మొహాలు చూసుకుంటున్నారు. తల వంచుకుని ఉన్నది నువ్వొక్కదానివే."

"అడగలేదేం?"

"అడిగితే ఇచ్చేదానివి. అప్పుడు వాళ్ళ లాయరు మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? గ్రియర్ మిమ్మల్ని అడిగారా అని. నేను తీసుకున్న మనిషివి, నేను అడిగితే ఇచ్చావు. దానికి విలువుండదు. నువ్వంతట నువ్వు ఇవ్వాలి." మళ్ళీ తనే అంది: "మూడు రోజుల గడువులో నేనూ చూసుకోలేదు. చూసుకోవలసింది. ఆ మూడు రోజులూ లియాన్ వెంటిలేటర్ మీద, తర్వాత పెట్టెలో ఉన్నాడు."

"ఇప్పుడు ఇస్తాను. పత్రికకైనా ఇస్తాను. నాకు తెలిసినవాళ్ళున్నారు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆ పత్రంలో ఒక క్లాజు ఉంది. కంపెనీ లోపలి సంగతి నా వల్లగానీ, నా తరఫున ఎవరి వల్లగానీ బయటికి పోకూడదు. పోతే వాళ్ళిచ్చిన డబ్బు తిరిగి ఇచ్చెయ్యాలి. ఇది బయటపెడితే దెబ్బ తినేది నేను. జూన్‌లో ఇది నన్ను కాపాడేది. ఇప్పుడు ముంచుతుంది. దాచుకో."

పత్రికలో ఉన్నప్పుడు ఆలస్యమైన వార్త చచ్చిన వార్త అనేవాళ్ళం. చచ్చిన వార్త ఇంకొకరిని చంపగలదని అప్పుడు తెలీదు.

"చదువు" అంది ఆమె. "ముప్పై నాలుగేళ్ళలో నేనన్నది అన్నట్టు రాసిపెట్టింది నువ్వే. అదీ నేను చదవలేని భాషలో."

ఇంగ్లీషులో చెబుతూ చదివాను.

"'దయచేసి' అని అన్లేదు" అందామె.

"అన్నారు."

"నేనా?"

"రాసి ఉంది."

ఆమె లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చింది. తర్వాత సితార వీసా సంగతి అడిగింది. వచ్చిందని చెప్పాను. "మంచిది. టోపీ, చేతి తొడుగులు అక్టోబరు లోపలే కొను. తర్వాత సైజులు దొరకవు" అంది.

సెప్టెంబర్ 9

మేవిస్ విమానం 11.40కి. వస్తానన్నాను. వద్దంది.

సెప్టెంబర్ 12

వాళ్ళొచ్చారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో టెస్టు చేయించి తెచ్చుకున్నాను. సితార నన్ను ఫోన్లో కంటే పొట్టిగా ఉన్నానంది.

సెప్టెంబర్ 13

ఊరి ఆఫీసులో ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, కోసం కాగితాలు సర్దుతున్నాను. క్వారంటైన్ అయ్యాక ఇవన్నీ చూపాలి. శశాంక్ ఫైలు తెచ్చి ఒక్కొక్కటి ఇస్తున్నాడు. ఆ ఉత్తరం నేను చూడటం ఇదే మొదటిసారి.

సంతకం విట్‌మన్‌ది కాదు. మేవిస్ గ్రియర్, విభాగాధిపతి. ఉద్యోగం శాశ్వతమని, ఎన్ని గంటలని, కుటుంబం ఇక్కడికి రావడం కంపెనీకి అవసరమని ఉంది. ఆఖరున ఒక వాక్యం: "ఈమె రాసుకున్నది నేను మళ్ళీ సరిచూడకుండానే నమ్ముతాను."

తేదీ జూన్ 18. కొరియర్ రసీదు దానికే పిన్ను కొట్టి ఉంది, జూన్ 19. నన్ను లాయరు ప్రశ్న అడిగింది 22న. అప్పటికి ఉత్తరం కవరులో, దారిలో ఉంది.

"ఎవరీ మేవిస్?" అన్నాడు శశాంక్.

"మా హెడ్."

"ఆమె లెటర్ లేకుంటె మనం ఇంకా ఆడనే ఉందుము. ఫోన్ చేసి ఒక్క మాట చెప్తె మంచిగుంటది. నేను గూడ మాట్లాడ్త."

"చేద్దాం" అన్నాను.

సెప్టెంబర్ 14

చెయ్యలేదు.

సెప్టెంబర్ 20

శశాంక్ మళ్ళీ అడిగాడు. సితారను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, థాంక్యూ ఎలా చెప్పాలో కూడా నేర్పించాడు.

"ఇప్పుడు వద్దు, అక్కడ అర్ధరాత్రి" అన్నాను.

ఇక్కడ సాయంత్రం నాలుగు. క్లీవ్‌లాండ్‌లో ఉదయం పది.